తెర మీద ఆఖరి చుక్క

"ఏ పన్ను నొప్పి?"

"జ్ఞానదంతం."

"ఏ వైపు?"

"రెండు వైపులా."

కౌంటర్ వెనక కూర్చున్న శ్యామలాంబ తల ఎత్తకుండానే పెన్సిల్‌తో లోపలి గది చూపించింది. జాన్సన్ తలుపు తోసుకుని వెళ్లాడు.

తార్నాక చౌరస్తాకి దగ్గర్లో, ఒక బేకరీ పైఅంతస్తులో ఉన్న ఆ డెంటల్ క్లినిక్‌కి నిజంగా పంటి నొప్పితో వచ్చేవాళ్లూ ఉన్నారు. ముందుగదిలో ఒక డాక్టర్ వాళ్లకి నిజంగానే పళ్లు పీకేవాడు. లోపలి గది మాత్రం బోర్డు లేని ఒక గూఢచారి విభాగానిది. అక్కడ తెల్లకోటు వేసుకుని కూర్చునే వెంకటసుబ్బారావు జీవితంలో ఒక్క పన్ను కూడా పీకలేదు. ఆయన ఆ విభాగానికి చీఫ్.

"కుర్చీలో కూర్చో. నోరు తెరవక్కర్లేదు, కళ్లు తెరువు చాలు."

జాన్సన్ పళ్ల కుర్చీలో వెనక్కి వాలాడు. ఎదురుగా ఎక్స్‌రేలు చూపించే తెర మీద ఏదో విదేశీ నగరం. పెద్ద మైదానం, వేలమంది జనం. మైకు ముందు నిలబడిన నాయకుడు చెయ్యెత్తి ఏదో అంటూ అంటూ కుప్పకూలిపోయాడు. అక్కడితో వీడియో ఆగింది.

"ముఠాకి మనం పెట్టుకున్న పేరు కార్నివాల్," అన్నాడు చీఫ్. "సభలకి లైవ్ వీడియో పెట్టే కంపెనీ వేషం. కెమెరాలు వాళ్లవి, తెరలు వాళ్లవి, మిక్సింగ్ వాళ్లది. సభ మధ్యలో ఒక మనిషి చస్తాడు. ఊరు తగలబడుతుంది. ఎవరు ఎవర్ని చంపారో తేలేలోపల వీళ్లు విమానమెక్కేస్తారు. పోలీసులు వైర్‌లెస్ అంతా విన్నారు, ఫోన్లన్నీ విన్నారు. ఎక్కడా సిగ్నల్ లేదు. మరి హంతకుడికి 'ఇప్పుడు' అని చెప్పేదెవరు?"

జాన్సన్ వీడియోని వెనక్కి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. తెర కింద కుడి మూలలో, 'లైవ్' అన్న అక్షరాల పక్కన బూజులాంటి మరకొకటి వచ్చి పోయింది.

"ఇది..."

"ఐదుసార్లు వస్తుంది. ఐదోసారికి గుండు పేలుతుంది. ఆ మరకలో ఏముందో చెప్పు."

"ఇప్పుడెవరూ చెప్పలేరు సర్. ఇది టీవీ చానల్ రికార్డింగు. ఫైలు చిన్నదవ్వాలని కంప్యూటర్ పక్కపక్కనున్న చుక్కలన్నిటికీ ఒకే రంగు పూసేస్తుంది. మొహాలకీ మేడలకీ ఫర్వాలేదు, చూసే కంటికి తెలియదు. గోరంత గుర్తు ఉంటే మాత్రం అలికేస్తుంది. అలికాక పోయింది పోయినట్టే. ఏ ల్యాబుకిచ్చినా తిరిగి రాదు."

"అందుకే నిన్ను పిలిపించాను." చీఫ్ తెర ఆర్పేశాడు. "ఎల్లుండి యూనివర్సిటీలో విద్యార్థుల సభ. వీడియో కాంట్రాక్టు కార్నివాల్‌ది. వాళ్లక్కడ చేసేది రిహార్సల్ మాత్రమే. గుర్తులు పంపి సరిచూసుకుంటారు. అసలు పని వేరే ఊళ్లో, తరవాత. నాలుగు కెమెరాల బొమ్మలూ కలిసి మిక్సర్‌లోంచి ఒక్కటిగా బయటికొస్తాయి చూడు, ఆ సిగ్నల్‌ని అక్కడికక్కడే కంప్యూటర్‌లోకి ఎక్కించు. కుదించకుండా, ఒక్క ఫ్రేము పోకుండా. ఆ గుర్తు మన చేతికొస్తే ముఠా మొత్తం దొరుకుతుంది."

"రిహార్సలేనని ఎవరన్నారు?"

"నీ ఎవాంజెలిన్."

ఎవాంజెలిన్ని విభాగంలోకి తెచ్చింది జాన్సనే. దుబాయ్‌లో, సింగపూర్‌లో లైవ్ షోలు మిక్స్ చేసి వచ్చిన మనిషి. మెడ దాటని జుట్టు, ముదురు ఎరుపు లిప్‌స్టిక్, మిక్సర్ మీటల మీద వీణ వాయిస్తున్నట్టు తిరిగే వేళ్లు. కార్నివాల్ ఆమెని ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడు, లోపలుండి విభాగానికి కబుర్లు అందిస్తుందని పైవాళ్ల ముందు పూచీపడ్డది కూడా అతనే. ఆమె అంటే అతనికి ఇష్టం. ఆ సంగతి ఏ రిపోర్టులోనూ రాయలేదు.

"ఇంకొక్క మాట," అన్నాడు చీఫ్. "నీ పని రికార్డు చెయ్యడం. ఆపడం కాదు, పట్టుకోవడం కాదు. ఏం జరిగినా వేషం బయటపడకూడదు. అసలే రోజులు బాలేవు."

రోజులు నిజంగానే బాలేవు. అది 2010 చలికాలం. తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌లో నిప్పులా ఉంది. తార్నాక గేటు దగ్గర ముళ్లకంచెలు, హెల్మెట్ల పోలీసులు. తెనాలి నుంచి రైల్వే గుమాస్తాగా వచ్చి ఇక్కడే స్థిరపడిన పౌలుగారి కొడుకు జాన్సన్. పుట్టింది తార్నాకలోనే అయినా ఇంట్లో అమ్మ హెలెన్ టీచర్ నేర్పిన కోస్తా తెలుగు నాలుక్కి అతుక్కుపోయింది. అలాంటివాడు వరంగల్ దిలీప్ అన్న పేరుతో, మెడలో పాస్ తగిలించుకుని, కంచె దాటి లోపలికి నడవాలి.

నడిచాడు.

ఆర్ట్స్ కాలేజీ ముందు స్టేజీ కట్టారు. రెండు పక్కలా రెండంతస్తుల ఎత్తు తెరలు. మధ్యాహ్నం ఎండలో డప్పులు మోగుతున్నాయి. జిల్లాల నుంచి వచ్చిన బస్సులు అడిక్‌మెట్ వైపు దాకా నిలిచిపోయాయి. స్టేజీ పక్కన షామియానా గుడారంలో మిక్సర్, దాని ముందు మానిటర్ల వరస. పక్క బల్ల మీద జాన్సన్ తన నల్ల కంప్యూటర్ పెట్టుకున్నాడు. సభని భద్రపరచడానికి విద్యార్థి కమిటీ పెట్టుకున్న రికార్డింగ్ మనిషిగా అతని వేషం.

కుదించని వీడియో అంటే వరద. దాన్ని ఒక్క హార్డ్ డిస్క్ అందుకోలేదు, ఊపిరాడక మధ్యమధ్యలో ఫ్రేముల్ని వదిలేస్తుంది. అందుకని జాన్సన్ నాలుగు డిస్కుల్ని ఒక్కటిగా కట్టి, వచ్చిన సిగ్నల్ నాలుగింటికీ పంచి రాసేలా చేశాడు. మిక్సర్‌కి రెండు అవుట్‌పుట్లు. ఒకటి అతని కంప్యూటర్లో వీడియోని అందుకునే క్యాప్చర్ కార్డులోకి. రెండోది బల్ల కింద పెట్టెలోకి, అక్కడి నుంచి పెద్ద తెరలకీ, బయట నిలబడ్డ చానళ్ల వ్యాన్లకీ.

"అన్నా, నువ్వేనా రికార్డింగ్ చేసేది?"

గుడారంలోకి తొంగిచూసిన మనిషి బక్కగా, గడ్డం మాసిపోయి ఉన్నాడు. కళ్లు మాత్రం తళతళమంటున్నాయి. రాజన్న. పీహెచ్‌డీ విద్యార్థి. ఆ సాయంత్రం ఆ వేలమందీ వినడానికొచ్చిన గొంతు అతనిదే.

"నేనే అన్నా," అన్నాడు జాన్సన్, జాగ్రత్తగా.

"జర మంచిగ సూపెట్టు. మా అమ్మ ఊళ్లె సర్పంచ్ ఇంట్ల టీవీ ముందు కూసున్నదట. నన్ను టీవీల చూసుడు ఇదే ఫస్ట్." నవ్వాడు. "బక్కగైండని ఏడుస్తది. జర దూరంకెల్లి తియ్యమను కెమెరావోళ్లను."

వెళ్లిపోయాడు. కాసేపటికి ఎవాంజెలిన్ వచ్చింది. నల్లద్దాలు నుదుటి మీదికి తోసి మిక్సర్ ముందు కూర్చుని, జాన్సన్ వైపు చూడకుండానే అంది: "ఫ్రేములు పోవడం లేదుగా?"

"సున్నా."

"గుడ్. క్లీన్‌గా కావాలి."

సభ మొదలైంది. జాన్సన్ రికార్డ్ నొక్కాడు. నాలుగు డిస్కుల చిన్న దీపాలూ మిణుకుమిణుకుమంటూ వెలిగాయి. పాటలు, నినాదాలు, ఉపన్యాసాలు. పోయిన ఫ్రేములు సున్నా. అతని కళ్లు తెర మూలలోనే ఉన్నాయి.

రాజన్న స్టేజీ ఎక్కగానే ఎవాంజెలిన్ జనం బొమ్మలోంచి అతని బొమ్మలోకి మెల్లగా మార్చింది. ఆ మార్పులో, 'లైవ్' అక్షరాల పక్కన, ఏదో మెరిసి పోయింది.

రికార్డింగ్ ఆపకుండానే ఆ ఒక్క ఫ్రేముని బొమ్మగా తీసుకునే మీట ఉంది. జాన్సన్ నొక్కాడు. బొమ్మని పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు. ఏమీ అలుక్కుపోలేదు. ఆవగింజంత తెల్లటి చుక్కలు, పాచిక ముఖం మీద ఉన్నట్టు పొందిగ్గా.

ఐదు.

మళ్లీ ఒక మార్పు, మళ్లీ మెరుపు. మీట నొక్కి, పెద్దది చేశాడు.

నాలుగు.

ఇన్నాళ్లూ మరకలన్నీ ఒకేలా కనబడ్డాయి. అలికిన బొమ్మల్లో ఐదుకీ నాలుగుకీ తేడా ఎవరికి తెలుస్తుంది? అది ఉత్త గుర్తు కాదు, లెక్క. ఐదు నుంచి ఒకటికి దిగే లెక్క. ఒకటి పడ్డాక గుండు.

అయినా రిహార్సలే కదా అని తనకి తాను చెప్పుకున్నాడు. చెప్పుకుంటూనే మానిటర్ల వరస చూశాడు. కెమెరా ఒకటి, రెండు, మూడు. నాలుగోది నల్లగా ఉంది. గుడారం చీలికలోంచి బయటికి చూశాడు. మీడియా మంచె మీద కంపెనీ కోట్లు వేసుకున్న నలుగురు నిలబడ్డారు. చివరి కెమెరాకి పొడుగాటి లెన్సు. స్టేజీ మీదికి గురిపెట్టి ఉంది. దాని వెనక నుంచి కిందికి దిగిన కేబుల్ మాత్రం లేదు. బొమ్మ పంపని కెమెరాకి లెన్సెందుకు?

చొక్కా గుండీలో దాచిన మైకు నొక్కాడు.

"క్లినిక్, ఇది రిహార్సల్ కాదు. నాలుగో కెమెరా తుపాకీ. లెక్క దిగుతోంది."

చెవిలో చీఫ్ గొంతు గరగరలాడింది. "కంగారుపడకు. ఇందాకే ఎవాంజెలిన్ మెసేజ్ వచ్చింది, అంతా అనుకున్నట్టే ఉందట. నువ్వు కదలొద్దు."

"సర్, ఆవిడే..."

"కదలొద్దన్నాను! అక్కడ నువ్వెవరో తెలిస్తే చంపేస్తారు."

తెర మూల మెరిసింది. మూడు. ఈసారి పెద్దది చేసి చూడక్కర్లేకపోయింది. సెల్‌ఫోన్ తీశాడు. అంతమంది ఒక్కచోట చేరాక నెట్‌వర్క్ ఎక్కడిది? అరుద్దామా అంటే డప్పుల హోరులో తన గొంతు తనకే వినబడదు. మంచె దాకా పరిగెడదామా అంటే మధ్యలో జనసముద్రం.

లేవబోయాడు.

"కూర్చో జాన్సన్."

ఎవాంజెలిన్ కుడిచెయ్యి మిక్సర్ మీదే ఉంది. ఎడమచేతిలో నల్ల పెన్ను. దాని మొన అతని పొట్ట వైపు ఉంది.

"ఈ పెన్ను నువ్వే ఇచ్చావు, గుర్తుందా? ఒక్కటే గుండు. కానీ నువ్వూ ఒక్కడివేగా."

జాన్సన్ కూర్చున్నాడు.

"చేతులు బల్ల మీద పెట్టు. రికార్డింగ్ ఆపకు. వీళ్ల క్లయింట్‌కి క్లీన్ కాపీ కావాలట, చానళ్ల చెత్త వద్దన్నాడు. ఈ ఊళ్లో నీకంటే బాగా చేసేవాళ్లెవరు? అందుకే నిన్ను రానిచ్చాను. అయ్యాక డిస్కులు నాతో వస్తాయి."

"ఎవా, అతనికి అమ్మ ఉంది. టీవీలో చూస్తోంది."

"అందరికీ అమ్మలుంటారు."

"నిన్ను నమ్మాను."

ఆమె చూపు ఒక్క క్షణం మానిటర్ మీంచి అతని మీదికి మళ్లింది. అందులో కోపం లేదు, జాలీ లేదు. "నమ్మమని నేనెప్పుడైనా అడిగానా?"

తెర మూల మెరిసింది. రెండు.

ఇంత అందంగా, ఇంత స్పష్టంగా ఒక మనిషి చావుని తన కంప్యూటర్లోకి ఎక్కించుకుంటూ, చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చోవడం తప్ప జాన్సన్ ఏమీ చెయ్యలేకపోయాడు. పోయిన ఫ్రేములు సున్నా. మానిటర్లో రాజన్న మైకు పట్టుకున్నాడు. కెమెరా అతని మొహం దగ్గరకంటా వెళ్లింది. లోపలికి పోయిన దవడలు కూడా కనబడుతున్నాయి. దూరం నుంచి తియ్యమన్నాడు పాపం.

"అమ్మలారా, అక్కలారా..." అని మొదలుపెట్టాడు రాజన్న. మైదానం అంతా నిశ్శబ్దమైపోయింది.

ఏడుపొస్తే కళ్లు కనబడకూడదని జాన్సన్ తల దించుకున్నాడు. బల్ల కింద పెద్ద తెరలకి సిగ్నల్ పంపే పెట్టె, దాని పక్కనే ఎక్స్‌టెన్షన్ బోర్డు, దాని ఎర్ర స్విచ్చు. తన కంప్యూటరూ మిక్సరూ వేరే లైను మీద, యూపీఎస్ మీద ఉన్నాయి. హంతకుడు చూసేది మిక్సర్ని కాదు, పెద్ద తెరని.

చెప్పులోంచి కాలు మెల్లగా బయటికి తీశాడు.

ఎవాంజెలిన్ వేళ్లు మీట మీద బిగుసుకున్నాయి. జాన్సన్ బొటనవేలు స్విచ్చు మీద పడింది.

బయట రెండు తెరలూ ఒకేసారి నల్లబడ్డాయి. చానళ్లన్నిటిలోనూ బొమ్మ పోయింది.

ఎవాంజెలిన్ కళ్లు మాత్రం తన మానిటర్ మీదున్నాయి. అక్కడ బొమ్మ నిక్షేపంగా ఉంది. ఆమె మీటని కిందికి లాగింది. రాజన్న మొహం పక్కన ఒకే ఒక్క తెల్లచుక్క మెరిసింది. దాన్ని చూసింది ఆమె, జాన్సన్, నాలుగు డిస్కులు. ఇంకెవరూ చూడలేదు.

తుపాకీ పేలలేదు.

ముందు ఆమెకి అర్థం కాలేదు. తరవాత బయటి నుంచి హోరు వినబడింది. డప్పుల హోరు కాదు అది.

"కరెంట్ కట్ చేసిన్రు! కావాలని చేసిన్రు!"

"మన గొంతు పిసుకుతున్నర్రా! ఉరుకుర్రి!"

జనం ఒక్కసారిగా లేచారు. సగం మంది మీడియా మంచె మీదికి పోయారు. మంచె ఊగింది, పక్కకి ఒరిగింది. తెర మీద ఎన్నటికీ రాని చుక్క కోసం తలెత్తి చూస్తున్న నాలుగో కెమెరామన్ కెమెరాతో సహా కిందపడ్డాడు. పొడుగాటి లెన్సు రెండుగా విరిగి, అందులోంచి ఇనపగొట్టం బయటపడింది. మఫ్టీలో ఉన్న ఇద్దరు పోలీసులు అతన్ని గొంగళిలో చుట్టి ఎవరికీ కనబడకుండా లాక్కుపోయారు.

మిగతా సగం మంది గుడారంలోకి వచ్చారు.

ఎవాంజెలిన్ పెన్ను జేబులో పడేసి, లేచి నిలబడి, జాన్సన్ వైపు వేలు చూపించింది. ఆ ఊరి మట్టిలో పుట్టినట్టు, ఒక్క అక్షరం తడబడకుండా అరిచింది: "గీనే అన్నా! గీనే కాలుతోని స్విచ్ బంద్ చేసిండు! నా కండ్లతోని చూసిన!"

"ఆగండి బాబూ, నే చెప్పేది కాస్త వినండి!" అన్నాడు జాన్సన్. నోట్లోంచి వచ్చాక తెలిసింది, అది దిలీప్ భాష కాదని. తెనాలి భాష.

"ఆంధ్రోడు రా వీడు!"

తరవాత చాలాసేపు అతనికి కాళ్లు తప్ప ఏమీ కనబడలేదు. నాలుగు డిస్కుల పెట్టెని పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడుకున్నాడు. ఎడమచెయ్యి ఎక్కడో పటుక్కుమంది. ఆ కాళ్ల మధ్యలోంచి ఎవాంజెలిన్ నడిచి వెళ్లిపోవడం చూశాడు. ఎవరో విద్యార్థి ఆమెకి దారి ఇస్తూ, "అక్కా, పైలం" అని నీళ్ల బాటిల్ కూడా ఇచ్చాడు.

"కొట్టకుర్రి! అరె, ఆగుర్రి! సస్తడు!"

రాజన్న గొంతు. కాళ్లు వెనక్కి జరిగాయి. రాజన్న కింద కూర్చుని జాన్సన్ని లేపి, తన తువ్వాలతో నోటి రక్తం తుడిచాడు. ఒక పొడుగు స్కేలు తెప్పించి, విరిగిన చెయ్యి దాని మీద పెట్టి కట్టాడు. లేచేముందు అన్నాడు:

"నువ్వు ఎక్కడోడివైతే నాకేంది అన్నా. కానీ నువ్వు గిట్ల చేస్తవనుకోలే. మా అమ్మ నోరు తెరుసుకుని కూసున్నది ఆడ. నా నోట్లెకెల్లి ఒక్క మాట ఇననియ్యకపోతివి గదనే."

జాన్సన్ నోరు తెరిచాడు. నువ్వు బతికున్నావు, అన్నది అతని నాలుక చివర ఉంది. చెప్పకూడదు. ఏమీ చెప్పకూడదు.

"సారీ అన్నా," అన్నాడు.

రాజన్న తల అడ్డంగా ఊపి, తువ్వాల అక్కడే వదిలేసి, స్టేజీ వైపు వెళ్లిపోయాడు.

మర్నాడు ఆసుపత్రికి చీఫ్ వచ్చాడు. అలవాటు కొద్దీ తెల్లకోటులోనే వచ్చాడు. నర్సు ఆయన్ని డాక్టరనుకుని పక్క మంచం ఆయనకి జ్వరం చూడమంది.

"ఫైలు బంగారం," అన్నాడు చీఫ్, గొంతు తగ్గించి. "ఐదు గుర్తులూ అద్దంలో చూసినట్టున్నాయి. పైవాళ్లు చూశారు, మెచ్చుకున్నారు. బీరువాలో పెట్టి తాళం వేశారు."

"తాళమెందుకు సర్?"

"ఇప్పుడిది బయటపెడితే ఒకళ్లు ప్రభుత్వం చేయించిందంటారు, ఇంకొకళ్లు ఉద్యమంవాళ్లే చేయించుకున్నారంటారు. కార్నివాల్ కోరుకున్న మంట మనమే అంటించినట్టవుతుంది. దొరికినవాడు నోరు తెరవడం లేదు. ఆ అమ్మాయి జాడ లేదు." చీఫ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "నేనే నీ మాట వినాల్సింది."

"రాజన్నకి ఒక్కడికైనా చెప్పొచ్చా?"

"ఏం జరిగిందని చెబుతావు? సభ జరిగింది, కరెంటు పోయింది. అంతే జరిగింది."

చెయ్యి సిమెంటు కట్టుతో జాన్సన్ తార్నాకలో తను అద్దెకుండే ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. కింది వాటాలో ఉండే ఇంటామె లచ్చమ్మ జనగామ దగ్గరి పల్లె మనిషి. అద్దెకున్న పిల్లగాణ్ణి అలా చూసి లబలబలాడి, గిన్నెడు మేకకాళ్ల పాయ పట్టుకొచ్చింది. చంచాతో తనే నోటికందిస్తూ కూర్చుంది. టీవీలో రాజన్న మాట్లాడుతున్నాడు. ఈసారి ఏ అడ్డమూ లేదు. ఆ మాట వినబడుతున్నంతసేపు జాన్సన్ చెయ్యి నొప్పి మరిచిపోయాడు.

"ఎంత మంచిగ మాట్లాడుతుండో చూడు పోరడు," అంది లచ్చమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "నిన్న గీ మాటలు ఇననియ్యలే. గా స్విచ్ బంద్ చేసినోని చెయ్యి ఇరిగిపోను! అవు బిడ్డా, ఇంతకు నీ చెయ్యెట్ల ఇరిగింది?"

జాన్సన్ పాయ మింగాడు. "బాత్రూంలో జారిపడ్డాను అత్తమ్మా."

లచ్చమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. చంచా గిన్నెలో పెట్టి, తలుపు వైపు ఓసారి తిరిగి చూసి, గొంతు తగ్గించింది.

"తాగి పడ్డనని చెప్పరాదు? నేనేమన్న మీ అమ్మతోని చెప్తనా?"